మగ్గం ఆపేయాలా, బీఈడీలో చేరాలా?

ప్రశ్న: మాది హనుమకొండ. డిగ్రీ చదివాను. నాలుగేళ్లుగా ఇంట్లోనే ఇద్దరు కారిగర్లతో, అంటే చేతి ఎంబ్రాయిడరీ పనివాళ్లతో, మగ్గం వర్క్ బ్లౌజులు చేయించి ఇస్తున్నాను. కాన్పుకు ముందు నెలకు ముప్పై దాకా చేసేదాన్ని. ఇప్పుడు పాపకు తొమ్మిదో నెల, ఇరవై కూడా గగనమైపోతోంది. సగటున బ్లౌజుకు 2,500 తీసుకుంటాను. అందులో కారిగర్‌కు 1,200, పూసలూ జరీ లైనింగుకు 400 పోతాయి. కుట్టు నాదే. పాప పడుకున్నాక మిషన్ ముందు కూర్చుంటే రాత్రి ఒంటిగంట దాటుతోంది. ‘ఈ తిప్పలెందుకు, బీఈడీ చేసి టీచరుగా పోరాదు’ అంటారు అత్తమ్మ. దగ్గరున్న ప్రైవేటు స్కూల్లో ఇప్పటికిప్పుడు 12 వేలు ఇస్తామన్నారు. మా ఆయనేమో లోన్ తీసుకుని కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ పెడదామంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీరు లెక్కలతో సహా రాశారు కాబట్టి నా పని సగం తగ్గింది. చాలామంది ‘బాగానే మిగులుతుంది మేడం’ అని రాసి ఊరుకుంటారు.

బ్లౌజుకు మీకు మిగిలేది 900. ఇరవైకి 18 వేలు. కానీ లైనింగ్ వేసి, పైపింగ్ తిప్పి, హుక్కులు పెట్టి ఒక బ్లౌజు కుట్టాలంటే ఎంత చేయి తిరిగినవాళ్లకైనా రెండున్నర, మూడు గంటలు పడుతుంది. అంటే నెలకు దాదాపు 60 గంటలు, అవీ పాప నిద్రపోయాక మీ నిద్రలోంచి తీసుకున్న గంటలు. బయట టైలర్‌కు ఇస్తే బ్లౌజుకు 350 అడుగుతాడనుకుందాం. ఇరవైకి 7 వేలు. గంటకు 120 కూడా పడని పనికి మీరు ఒంటిగంట దాకా మేలుకుంటున్నారు.

మీ కస్టమర్లు మీ దగ్గరికి ఎందుకు వస్తున్నారో ఒకసారి గుర్తు చేసుకోండి. ఏ చీరకు ఏ డిజైన్ నప్పుతుందో మీరు చెబుతారు, కొలత మీరు తీస్తారు, బ్లౌజు ఒంటికి సరిగ్గా కూర్చుంటుంది. మిషన్ తొక్కింది ఎవరని ఎవరూ అడగరు. కాబట్టి కొలత, మార్కింగ్, కటింగ్ మీ చేతిలో ఉంచుకుని కుట్టు బయటికి ఇచ్చేయండి. కొత్త ఆర్డర్లకు బ్లౌజు మీద 250 పెంచండి. అప్పుడు మిగిలేది 800, ఇరవైకి 16 వేలు. ఇప్పటికంటే రెండు వేలు తక్కువే. ఆ రెండు వేలతో మీరు కొనుక్కుంటున్నది నిద్ర. 250 పెంచితే ఒకరిద్దరు వెళ్లిపోతారు. పోనివ్వండి, బేరమాడేవాళ్లే ముందు పోతారు.

ఇక బీఈడీ. అది రెండేళ్ల కోర్సు. ఎడ్‌సెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, క్లాసులకు 80 శాతం హాజరు ఉండాలి, స్కూల్ ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం. ఆ తర్వాత ప్రభుత్వ పోస్టు కావాలంటే టెట్ అనే అర్హత పరీక్ష, డీఎస్సీ అనే ఎంపిక పరీక్ష. పిల్లలకు పాఠం చెప్పడం ఇష్టమైతే తప్పకుండా చేయండి. కానీ పాపకు టైం దొరుకుతుందని చేయాలనుకుంటే, ఇప్పుడున్న టైం కూడా పోతుంది. 12 వేల ఉద్యోగమూ అంతే. పొద్దున ఎనిమిదిన్నరకు పోతే సాయంత్రం నాలుగున్నర, ఆపైన దిద్దాల్సిన నోటుబుక్కులు ఇంటికొస్తాయి. అత్తమ్మ మాటలో ‘వద్దు’ కంటే ‘నా వల్ల రోజంతా కావట్లేదు’ అన్నదే నాకు ఎక్కువ వినిపిస్తోంది. పొద్దున పది నుంచి మధ్యాహ్నం ఒంటిగంట వరకు మాత్రమే పాపను చూడమని ఆమెను అడగండి. అది దాటాక ఎంత పని ఉన్నా పాపను మీరే తీసుకోండి. హద్దు తెలిస్తే ఆమెకూ విసుగు రాదు. సాయంత్రం రెండు గంటలు మీ ఆయన వంతు. దాన్ని ‘హెల్ప్ చేయడం’ అని మాత్రం అననివ్వకండి, పాప ఆయనకూ పాపే.

మీ ఉత్తరంలో లేని విషయం ఒకటి అడుగుతాను. కారిగర్లు బట్ట బిగించి వర్క్ చేసే ఫ్రేమ్ ఎక్కడుంది? హాల్లోనే అయితే ఈ వారమే మార్చండి. రెండేళ్ల కింద ఇలాంటి ప్రశ్నతోనే ఒకామె పిల్లాడిని ఎత్తుకుని నా దగ్గరికి వచ్చింది. మాట్లాడుతుంటే వాడు గుప్పిట నోట్లోకి తీసుకుపోతున్నాడు. విప్పి చూస్తే అరచేతికి అంటుకుని రెండు కట్ బీడ్స్, ఒక కుందన్ రాయి. ఇంట్లో పాకుతూ ఏరుకున్నవి, ఆటోలో వచ్చినంతసేపూ వాడి చేతిలోనే ఉన్నాయి. తొమ్మిదో నెల అంటే నేల మీద ఏది దొరికినా నోట్లో పెట్టుకునే వయసు. పూస గొంతులో అడ్డం పడితే ప్రాణాల మీదికి వస్తుంది. వర్క్ చేసే ఆరీ సూది విరిగితే ఆ ముక్క చీపురుకు కూడా దొరకదు. తలుపు వేసుకునే గది ఉంటే అందులో పెట్టండి, లేదంటే వీధిలోనే చిన్న గది అద్దెకు తీసుకోండి. సాయంత్రం ఊడ్చాక నేల మీద ఒక అయస్కాంతం తిప్పండి.

ఇక మీ ఆయన అన్న ఎంబ్రాయిడరీ మిషన్ సంగతి. చిన్న వ్యాపారాలకు ఇచ్చే ప్రభుత్వ ముద్ర లోన్లలో శిశు కింద 50 వేల వరకు, కిశోర్ కింద 5 లక్షల వరకు పూచీకత్తు లేకుండానే ఇస్తారు. లోన్ దొరకడం పెద్ద కష్టం కాదు, అక్కడే భయం కూడా. పాపకు జ్వరం వచ్చిన నెలలోనూ ఈఎంఐ తేదీ మారదు. పైగా మీ పేరు చేతి పని మీద వచ్చింది, కంప్యూటర్ పని చేసే షాపులు మీకంటే చవకగా ఇస్తాయి. పాప నడిచి, మాటలొచ్చి, మీ చేతిలో ఆరు నెలల ఖర్చు మిగిలాక మళ్లీ అడగండి, అప్పుడు నా జవాబు వేరుగా ఉండొచ్చు. చిన్న వ్యాపారాలను ప్రభుత్వం దగ్గర నమోదు చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ మాత్రం ఇప్పుడే చేయించండి, ఆధార్‌తో ఉచితంగా అవుతుంది. ఎవరైనా రెండు వేలు అడిగితే లేచి వచ్చేయండి.

జీతం మీద పనిచేసే తల్లులకు చట్టప్రకారం ప్రసూతి సెలవు ఉంది. 2017 నుంచి మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు ఇస్తున్నారు. సొంత వ్యాపారానికి ఆ సెలవు ఎవరూ ఇవ్వరు, పంచాంగంలోంచి మీరే తీసుకోవాలి. ఆషాఢంలో పెండ్లిళ్లు ఉండవు, మూఢాల్లో ఉండవు. ఆ రోజుల్లో కారిగర్లను వాళ్ల ఊరికి పంపించి, మీరు పుట్టింటికి పోండి. కొత్త పెండ్లికూతుళ్లకు ఇచ్చిన ఆషాఢం సెలవు మీకు మాత్రం ఎందుకు వద్దు! శ్రావణం, బతుకమ్మ, మాఘం రద్దీలో మాత్రం 20 దాటి ఒక్కటి కూడా తీసుకోకండి. ఆర్డర్ తీసుకునేటప్పుడు ‘ఎప్పటికి కావాలి’ అనొద్దు, ‘పెండ్లి ఎప్పుడు’ అనండి. ఎప్పటికి అంటే అందరూ రేపే అంటారు. పెండ్లికి వారం ముందు తేదీ రాసి, సగం అడ్వాన్సు తీసుకోండి. రాత్రి ఎనిమిది తర్వాత ఫోన్ ఎత్తకండి. వాట్సాప్‌లో ‘పొద్దున చెబుతాను’ అని ఒక్క మెసేజ్ చాలు.

టైలర్‌ను ఎంచుకోవడంలో తొందరపడకండి. ముందు మీ సొంత బ్లౌజులు రెండు కట్ చేసి ఇచ్చి చూడండి. వెనక మెడ దగ్గర పైపింగ్ ముడత పడకుండా తిప్పాడా, వర్క్ మీద ఇస్త్రీ పెట్టెతో నేరుగా రుద్దాడా, చెప్పిన రోజుకే ఇచ్చాడా, ఇవి చూసుకోండి. రెండోది కూడా బాగా వస్తే మూడోదిగా కస్టమర్‌ది ఇవ్వండి.