జబ్బకే వేయించుకో

అమ్మీ,

నువ్వు కర్నూలు పెద్దాసుపత్రిలో ల్యాబ్ ట్రైనింగుకు చేరుతున్నావని మీ నాయన ఫోన్ చేశాడు. మన ఇంట్లో నా తర్వాత రక్తం ట్యూబులు పట్టేది నువ్వే. సంతోషంతో నిద్ర పట్టలేదు, భయంతోనూ పట్టలేదు.

హెపటైటిస్ బి, అంటే రక్తం ద్వారా అంటుకునే కాలేయ వ్యాధి, దాని టీకా ఇప్పుడే మొదలుపెట్టు. ఇవాళ ఒకటి, నెల తర్వాత రెండోది, ఆరో నెలలో మూడోది. మధ్యలో ఆలస్యమైతే ఆగిన చోటి నుంచే వేయించుకోవచ్చు. అందులో ఉండేది వైరస్ పైపొర ప్రొటీనే, ఈస్టులో తయారుచేస్తారు. దానివల్ల కామెర్లు వస్తాయని జేజి అంటే కంగారుపడకు.

సూది మాత్రం జబ్బకే వేయించుకో.

నేను ఉద్యోగంలో చేరినప్పుడు టీకా గదిలో నలుగురు మగవాళ్లున్నారు. నా రవిక చెయ్యి బిగుతు, పైకి లాగితే సగంలోనే ఆగిపోయింది. సిగ్గుపడి, తెర వెనక్కి వెళ్లి పిరుదుకు వేయమన్నాను. మూడు డోసులూ అంతే. అక్కడ కొవ్వు ఎక్కువ, మందు కండ దాకా చేరకపోతే టీకా సరిగ్గా పట్టదని నాకప్పుడు తెలియదు. కార్డులో మూడు సంతకాలు పడ్డాయి కదా, ఇక నాకేం కాదనుకున్నాను. టీకా పట్టిందో లేదో చెప్పే రక్తపరీక్ష, టైటర్ అంటారు, అదీ చేయించుకోలేదు.

కొన్నేళ్లకు ఒక మధ్యాహ్నం, వాడిన సూదికి మూత పెడుతుంటే ఎడమ బొటనవేలికి దిగింది. గ్లవ్ లోపల కందిగింజంత ఎరుపు. ఆ రక్తం హెపటైటిస్ బి పాజిటివ్. నా టైటర్ చూస్తే రక్షణకు కావాల్సిన 10 కూడా లేదు. అసలు రక్షణ రానేలేదో, వచ్చి తగ్గిందో చెప్పడానికి పాత రిపోర్టు లేదు. ఆ రోజే ఒక చేతికి ఇమ్యునోగ్లోబులిన్, అంటే వైరస్‌ను అడ్డుకునే సిద్ధంగా ఉన్న యాంటీబాడీల సూది, ఇంకో చేతికి టీకా వేశారు.

ఆరు నెలలు నా పళ్లెం వేరుగా పెట్టుకున్నాను. కలిసి తింటే అంటదని పదిమందికి చెప్పినదాన్ని నేనే. నువ్వప్పుడు మూడేళ్ల పిల్లవి. అత్త పళ్లెంలో ముద్దే కావాలని ఏడిచావు. పక్క గదిలోకి వెళ్లి నేనూ ఏడిచాను తల్లీ. చివరికి నెగెటివ్ వచ్చింది. సూది గుచ్చుకున్నాక మొదలుపెట్టిన మూడు డోసులూ జబ్బకే పడ్డాయి, టైటర్ 200 దాటింది.

అందుకే మూడో డోసు అయ్యాక నెల, రెండు నెలల్లోపు యాంటీ హెచ్‌బీఎస్ టైటర్ చేయించి రిపోర్టు దాచుకో. 10 వచ్చినా, దాటినా రక్షణ ఉన్నట్టే. ఆరోగ్యంగా ఉన్న నీ వయసువాళ్లలో నూటికి 90 మందికి పైగా వస్తుంది. 40 దాటినవాళ్లకు, లావుగా ఉన్నవాళ్లకు, పొగతాగేవాళ్లకు కాస్త తక్కువ. రాకపోతే దిగులుపడకు, మళ్లీ మూడు డోసులు వేస్తే చాలామందికి వస్తుంది. ఒకసారి వచ్చాక ఏళ్లు గడిచి అంకె తగ్గినా, వైరస్‌ను ఎదుర్కోవడం ఒంటికి గుర్తుంటుంది.

వాడిన సూదికి మూత పెట్టావని తెలిస్తే కర్నూలు వచ్చి మరీ తిడతాను.

నీకు నాలుగు కుర్తాలు కుట్టిస్తున్నాను, చేతులు వదులుగా. జబ్బ కొలత తీసి మీ అమ్మతో ఫోన్లో చెప్పించు.

మీ అత్త