ఆ కుక్క ఆలోచిస్తోంది, చూడు

తమ్ముడూ,

కథ చదివాను. ఇందులో సంఘటనలు తక్కువయ్యాయేమో అని అడిగావు కదా, ఎక్కువయ్యాయి. రేషన్ షాపులో అవ్వ వేలిముద్ర పడకపోవడం, కొడుకు ఉద్యోగం పోవడం, వాన, గోడ కూలడం, చివర్లో మనవడికి యాక్సిడెంటు, అన్నీ ఆరు పేజీల్లోనే. చదివాక నాకు మిగిలింది వేలిముద్ర ఒక్కటే, దానికి నువ్విచ్చింది రెండు లైన్లు.

నీకో పాత కార్టూన్ చెప్తా, చూడు. ప్లేఫుల్ ప్లూటో అని 1934 మార్చిలో డిస్నీ వాళ్లు తీసింది, బ్లాక్ అండ్ వైట్, డైరెక్టర్ బర్ట్ గిల్లెట్. పేరుకి మిక్కీ మౌస్ కార్టూనే, మిక్కీ పెరట్లో ఆకులు పోగేస్తుంటే సుడిగాలి రావడం, నీళ్ల పైపు గోల, మిక్కీ కుక్క ప్లూటో టార్చిలైటు మింగేస్తే పొట్టలోంచి వెలుగు రావడం, ఇవన్నీ సరదాగానే ఉంటాయి గానీ అప్పటి కార్టూన్లన్నిట్లోనూ ఇలాంటివి బోలెడు. నువ్వు చూడాల్సింది ఈగల కాగితం సీను. మన ఇళ్లలో ఎలుకలకి పెట్టే గమ్ము అట్ట లాంటిదే, అది ప్లూటోకి అంటుకుంటుంది.

అంతే విషయం. ముక్కుకి అంటితే కాలితో లాగుతాడు, అది కాస్తా కాలికి పట్టుకుంటుంది, దాన్ని వదిలించుకుని హమ్మయ్య అని చతికిలబడేసరికి వెనకాల అంటుకుంటుంది. కొత్త చిక్కు బయట నుంచి ఊడిపడదు, వాడు ఇందాక చేసిన పనిలోంచే వస్తుంది. మధ్యలో ఆగుతాడు, కాగితం వంక చూస్తాడు, మన వైపు చూస్తాడు, ఏదో ఉపాయం తట్టినట్టు మొహం పెడతాడు, అది పని చెయ్యదని మనకి ముందే తెలుసు, నవ్వు అక్కడ వస్తుంది. కార్టూన్ బొమ్మ నిజంగా ఆలోచిస్తున్నట్టు కనపడింది ఈ సీనుతోనే అని యానిమేషన్ వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ గ్యాగ్, అంటే నవ్వించే ఆ తమాషా, వెబ్ స్మిత్ ది, బొమ్మలకి ప్రాణం పోసింది నార్మ్ ఫెర్గుసన్.

ప్లూటోకి మాటలు లేవు, గమనించు. 1930లో మొదట పేరు కూడా లేని వేటకుక్కగా వచ్చాడు, అదే ఏడాది ఇంకోదాంట్లో మిన్నీ కుక్క రోవర్, 1931కి ప్లూటో అయ్యాడు, అప్పుడు ఒకసారి మాట్లాడించారు కూడా. తర్వాత దాదాపు మాన్పించేశారు. నోరు లేకపోయేసరికి చెవులు, నుదురు, తోక అన్నీ మాట్లాడాల్సి వచ్చింది. నీ అవ్వ మాత్రం డీలర్ ముందు నిలబడి పేదోళ్ల బతుకుల మీద అర పేజీ ఉపన్యాసం ఇస్తుంది, అది అవ్వ గొంతు కాదురా, నీది. తీసెయ్.

దాని బదులు వేలు పట్టుకో. మిషన్ తీసుకోలేదు, కొంగుకి తుడుచుకుంది. పడలేదు. వేలు ఆరిపోయిందేమో అని నాలిక మీద తడి చేసుకుంది, ఈసారి తడి ఎక్కువైంది, డీలర్ విసుక్కున్నాడు, మళ్లీ కొంగు, కానీ ఇందాక తుడిచిన చోటే పసుపు ఉంది, ఇప్పుడు వేలు పచ్చగా అయింది, వెనక లైన్లో ఎవరో నవ్వారు, అవ్వ వేలు వంక చూసుకుంది. అక్కడ ఆగు. అవ్వకి అవమానంగా ఉందని రాయొద్దు, ఏ వేలు చాపుతుందో రాయి.

కామెడీ అయిపోతుందని భయపడతావని తెలుసు. 1941లో ప్రెస్టన్ స్టర్జెస్ సలివాన్స్ ట్రావెల్స్ అని సినిమా తీశాడు, అందులో హీరో కామెడీలు తీసే డైరెక్టరు, జనం కష్టాల మీద సీరియస్ సినిమా తియ్యాలని బయల్దేరి చివరికి తనే ఖైదీ అవుతాడు, ఒక చర్చిలో ఖైదీలకి ఈ ప్లూటో కార్టూనే వేస్తారు, సంకెళ్లతో వచ్చి కూర్చున్నవాళ్లు పగలబడి నవ్వుతారు, వాడూ నవ్వుతాడు. అందుకని అవ్వని చూసి నవ్వొస్తే రానీ, ఆమె బాధేం తగ్గిపోదు.

ఇంకోటి, మొదటి పేరా చెక్కుతూ వారం కూర్చున్నానన్నావు. ఫెర్గుసన్ గీత నీటుగా ఉండేది కాదు, చకచకా గీసుకుంటూ పోయేవాడు, శుభ్రం చెయ్యడం అసిస్టెంట్ల పని. నీకు అసిస్టెంట్లు లేరు కాబట్టి ఆ పని కూడా నీదే, కానీ తర్వాత.

వాన, గోడ పక్కన పెట్టుకో, ఇంకో కథకి పనికొస్తాయి. యాక్సిడెంటు మాత్రం కొట్టెయ్, ఈ మధ్య పోటీలకి వచ్చే ప్రతి కథలో ఒకటి ఉంటోంది. కొడుకు సంగతి ఉంచాలా వద్దా అన్నది రేషన్ షాపు సీను రాశాక నీకే తెలుస్తుంది, ముందు ఆ ఒక్క సీనూ పంపు. ఈసారి వర్డ్ ఫైల్ వద్దు, పీడీఎఫ్ చేసి పంపు, నా ఫోన్లో ఒత్తులన్నీ విడిపోతున్నాయి.

అన్న