సగంలో ఆగిన వర్క్‌బెంచ్‌ను అమ్మాలంటే ముందు జిగురు డబ్బా పక్కన పెట్టండి

మీరు అడిగింది ఇది: టేకుతో వడ్రంగి పని చేసుకునే బల్ల, అంటే వర్క్‌బెంచ్ మొదలుపెట్టారు. పైపలక అతికించడం అయిపోయింది, కాళ్లు కోసి ఉన్నాయి, చెక్కని బిగించి పట్టుకునే వైస్ కొన్నారు కానీ బల్లకి బిగించలేదు. ఇప్పుడు ఇల్లు మారాలి, అక్కడ చోటు లేదు. ఉన్నది ఉన్నట్టు అమ్మాలా, పూర్తి చేసి అమ్మాలా, ఎంత అడగాలి?

2022లో నాది అచ్చం ఇదే పరిస్థితి. సికింద్రాబాద్‌లో మేం అద్దెకున్న ఇంటి కింద, కారు పెట్టే చోట ఆదివారాలు పని చేసుకునేవాణ్ని. విశాఖపట్నం బదిలీ అయింది. అక్కడ దొరికింది మూడో అంతస్తులో రెండు గదుల ఫ్లాట్. బల్లని వదిలెయ్యక తప్పలేదు. ఏడాదిన్నర చేసిన పని కదా, అమ్మాలని అనుకున్న రోజు నాకు అన్నం సహించలేదు. మీ ప్రశ్న చదువుతుంటే మీకూ అలాగే ఉన్నట్టు అనిపించింది, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

సూటిగా చెప్పాలంటే, పూర్తి చేయకండి. ముఖ్యంగా కాళ్లకీ అడ్డపట్టీలకీ జిగురు పెట్టకండి.

వెళ్లేలోపు ఎలాగైనా నిలబెట్టేస్తే మంచి ధర వస్తుందని నేనూ అనుకున్నాను. రెండు కాళ్లని నా ఎత్తుకి సరిపడా 30 అంగుళాలకి కోసి, మధ్యలో అడ్డపట్టీ పెట్టి ఫెవికాల్‌తో బిగించేశాను. మిగతా రెండు కాళ్లు 33 అంగుళాల దగ్గరే ఉండిపోయాయి, టైం చాలలేదు. చివరికి కొన్నాయన నాకంటే అరడుగు పొడుగు. నిలబడి చెయ్యి కిందికి వేలాడేస్తే మణికట్టు వచ్చే చోట బల్ల పైభాగం ఉంటే చిత్రిక పట్టడానికి నడుం నొప్పి రాదని చాలామంది పాటించే కొలత. ఆ లెక్కన ఆయనకి 36 అంగుళాల ఎత్తు కావాలి, పలక మందం 3 అంగుళాలు పోగా కాళ్లు 33. కోయని కాళ్లు సరిగ్గా సరిపోయాయి. నేను తొందరపడి అతికించిన జత మాత్రం విప్పడానికి రాలేదు, కింద చెక్క ముక్కలు వేసి ఎత్తు పెంచుకోవాల్సి వచ్చింది. ఆ జత కోసం ఆయన వెయ్యి రూపాయలు తగ్గించమన్నాడు, న్యాయమే కాబట్టి తగ్గించాను. అంటే చివరి మూడు ఆదివారాలు కష్టపడి నేను వెయ్యి రూపాయల విలువ పోగొట్టుకున్నాను.

వైస్ విషయమూ అంతే. కుడిచేతి వాటం వాళ్లు ముందు వైపు వైస్‌ని సాధారణంగా ఎడమ చివర పెట్టుకుంటారు, ఎడమచేతి వాళ్లకి అటుది ఇటు కావాలి. పైపలకలో చెక్కని పట్టి ఉంచే గూటాల కోసం వేసే 19 మిల్లీమీటర్ల బెజ్జాలు కూడా వైస్ ఎక్కడుంటే దానికి ఎదురుగానే రావాలి. మీరు ఇంకా ఏదీ తొలచలేదంటే అది మీ బల్లకి లోపం కాదు, కొనేవాళ్లకి సౌకర్యం. ప్రకటనలో ఆ మాట అలాగే రాయండి.

ఇక ధర. ఇక్కడే నేను ఒక నెల వృథా చేశాను. మొదట వేసుకున్న లెక్క ఇది: కలప డిపోలో కొన్న టేకు 7 ఘనపుటడుగులు, ఘనపుటడుగు 2,800 రూపాయల చొప్పున 19,600. వైస్ 4,200. జిగురు, బోల్టులు, గరుకు కాగితం కలిపి 1,200. నా శ్రమకి 7,000 వేసుకుని మొత్తం 32,000 అని పెట్టాను. నెల రోజుల్లో చెక్క గురించి ఒక్క ఫోన్ రాలేదు.

అప్పుడు మా వీధి చివర తలుపులు చేసే మేస్త్రి గారిని తీసుకొచ్చి చూపించాను. పెద్దాయన, ముప్ఫై ఏళ్లకు పైగా అదే పనిలో ఉన్నారు. పలక మీద చెయ్యి పెట్టి రాసి, వేలి కణుపుతో కొట్టి విన్నారు. "చేవ ఉన్న చెక్క సార్, మంచిది తెచ్చారు. కానీ నేను కొంటే చెక్క ధరకే కొంటాను, అదీ తగ్గించే. తలుపు చట్రానికి నాకు ఏడడుగుల కర్ర కావాలి, మీ మూడడుగుల ముక్క నేనేం చేసుకోను? బల్లే కావాలనుకునే మనిషిని వెతకండి, మీ పనికి విలువ వాళ్ల దగ్గరే ఉంటుంది" అన్నారు. ఆ మాట నాకు చాలా మేలు చేసింది.

కాబట్టి కొన్నప్పటి లెక్క మర్చిపోయి, ఇప్పుడు మీ ముందు ఉన్న చెక్కని కొలవండి. పొడవు అడుగుల్లో, వెడల్పూ మందమూ అంగుళాల్లో తీసుకుని మూడూ గుణించి 144తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి. నా పలక 6 అడుగులు, 22 అంగుళాలు, 3 అంగుళాలు. అంటే 2.75. కాళ్లూ అడ్డపట్టీలూ కలిపి ఇంకో 2. కొన్న 7లో కోతకీ చిత్రికకీ పోగా మిగిలింది దాదాపు 4.8 మాత్రమే. దాని ఖరీదు అదే ధరకి 13,400 చిల్లర. కొలతలకి కోసేసిన చెక్క వేరే పనికి అంత సులువుగా రాదు కాబట్టి అందులో మూడింట రెండు వంతులు, అంటే 9,000 వేసుకున్నాను. పెట్టె తెరవని వైస్‌కి 3,500. పలక అతికించి పెట్టినందుకు, కొనేవాళ్లకి అన్నిటికంటే బరువైన ఆ పని తప్పుతుంది కాబట్టి, 1,500. మొత్తం 14,000 అని రాశాను. 13,000కి పోయింది. మీ ఊళ్లో చెక్క ధర వేరుగా ఉంటుంది, మీ డిపోలో ఈ వారం ధర కనుక్కుని మొదలుపెట్టండి. వైస్‌ని విడిగా అమ్మాలనిపిస్తుంది కానీ వద్దు. అది పక్కన ఉంటేనే ఆ చెక్కలు బల్లలా కనిపిస్తాయి.

మేస్త్రి గారే ఇంకొకటి కూడా చూపించారు. పలక రెండు చివర్లా రెండు తిన్నని బద్దలు అడ్డంగా పెట్టి, ఒక వైపు నుంచి వంగి కంటితో చూడమన్నారు. రెండు బద్దల అంచులూ ఒక్క గీతగా కనిపించాలి. నావి కనిపించలేదు. పలక మెలి తిరిగింది, ఒక మూల 4 మిల్లీమీటర్లు లేచింది. వర్షాకాలమంతా గోడకి ఆనించి పెట్టాను, ఒక ముఖానికే గాలి తగిలింది. మీరు అమ్ముడయ్యేదాకా పలకని పడుకోబెట్టి, కింద మూడు బద్దలు వేసి, రెండు వైపులా గాలి ఆడేలా ఉంచండి. ప్లాస్టిక్ పట్టా చుట్టకండి, లోపల చెమ్మ నిలుస్తుంది. పాత దుప్పటి చాలు. నేల మీద నేరుగా పెడితే చెద పట్టే భయం కూడా ఉంది.

ఆ మెలిక సంగతి దాచాలా వద్దా అని ఒక రాత్రంతా టెన్షన్ పడ్డాను. చివరికి దాచలేదు. కొత్త ప్రకటనలో మొదటి వాక్యమే అది: "పైపలక ఒక మూల 4 మిల్లీమీటర్లు లేచింది, చిత్రిక పట్టి సరిచేసుకోవాలి, మందం 3 అంగుళాలు కాబట్టి తీసేయడానికి చెక్క ఉంది." ఆ తర్వాత ఏ పని అయింది, ఏది మిగిలింది, ఏం కొనుక్కోవాలి అని రాశాను. ముడులూ, ఒక చివర ఉన్న చిన్న పగులూ, బెరడు వైపు వచ్చిన తెల్ల చెక్కా అన్నీ టేపు పక్కన పెట్టి ఫోటోలు తీశాను. పొద్దున్నే ఏటవాలు ఎండలో తీస్తే ఎగుడుదిగుళ్లు బాగా తెలుస్తాయి. వారంలో నలుగురు ఫోన్ చేశారు. నలుగురూ పని తెలిసినవాళ్లే, అందరూ అడిగింది ఆ మూల గురించే. దాచి ఉంటే కొన్నాయన ఇంటిదాకా వచ్చి, బద్ద పెట్టి చూసి, వెనక్కి వెళ్లిపోయేవాడు.

ఒక హెచ్చరిక. చెక్క గురించి ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా "ఇప్పుడే అడ్వాన్స్ పంపిస్తా" అని క్యూఆర్ కోడ్ పంపేవాళ్లు వస్తారు. నాకు మొదటి వారంలోనే వచ్చింది. మనకి డబ్బు రావాలంటే కోడ్ స్కాన్ చేయాల్సిన పనీ, యూపీఐ పిన్ కొట్టాల్సిన పనీ లేదు. పిన్ అడిగితే మన ఖాతాలోంచి పోతున్నట్టే. పొరపాటున పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

తీసుకెళ్లే రోజు ఇద్దరు మనుషుల్ని పిలుచుకోండి. నా పలక ఒక్కటే 50 కిలోల దాకా ఉంది. ఆయన ట్రాలీ ఆటో తెచ్చుకున్నాడు, రవాణా ఖర్చు కొనేవాళ్లదేనని ముందే మాట్లాడుకున్నాం. పలకని నిలువుగా అంచు మీద పెట్టి, మూలలకి గోనెసంచులు కట్టి ఎక్కించాం.

ఇంకా ఒక పని మాత్రం తప్పకుండా చేయండి. ఏ కాలు ఏ మూలకి వస్తుందో, ఏ అడ్డపట్టీ ఏ కాలికి జతో పెన్సిల్‌తో రెండు ముక్కల మీదా ఒకే గుర్తు వేయండి. నేను 1 నుంచి 8 దాకా అంకెలు వేసి, నా గీతల కాగితం, డిపో బిల్లు కూడా ఇచ్చేశాను. మూడు నెలల తర్వాత ఆయన ఫోటో పంపాడు. బల్ల నిలబడి ఉంది, వైస్ కుడి చివర బిగించి ఉంది. ఆయనది ఎడమచేతి వాటమని నాకు అప్పుడే తెలిసింది.

మీ పలక కొలతలూ, కాళ్లు ఎంత పొడవున్నాయో రాయండి. లెక్క కలిసి చూద్దాం.