చెంబు లోపల పెట్టు

చిరంజీవి మనవరాలికి అమ్మమ్మ ఆశీస్సులు.

భీమవరం మేడ మీద నుంచి నువ్వు పంపిన ఫోటో చూశాను. కడియంలో కొన్న దేవగన్నేరు ఆకంతా రాల్చి మోడులా నిలబడిందని, రోజూ రెండు చెంబుల నీళ్లు పోస్తున్నా చిగురించడం లేదని రాశావు. ముందు ఆ చెంబు లోపల పెట్టు. పుష్యమాసంలో దానికి నిద్ర. నిద్రపోయే బిడ్డ నోట్లో అన్నం ముద్ద పెడతామా?

కొమ్మను వేళ్లతో నొక్కి చూడు. గట్టిగా ఉండి, సూదితో గుచ్చితే పాలు వస్తే ప్రాణం ఉన్నట్టే. మెత్తగా నొక్కుకుపోతే కుళ్లు పట్టింది. తెల్లటి కండ తగిలేదాకా కోసి, పై ముక్క బాగుంటే నీడన ఆరబెట్టి, శివరాత్రి దాటాక ఇసుకలో గుచ్చు. ఆకు లేని చెట్టు నీళ్లు తాగదు, మన ఒండ్రు మట్టి తేమను వదలదు. మధ్యలో వేరు కుళ్లుతుంది. మన సంక్రాంతి చలికి చచ్చిన చెట్టును నేను చూడలేదు కానీ చెంబుకు చచ్చినవి చాలా చూశాను.

చలిదేశపు చెట్ల లెక్క వేరు. కాశ్మీరు ఆపిల్ చెట్టుకు 7 డిగ్రీల లోపు చలి సుమారు వెయ్యి గంటలు తగిలితే కానీ మొగ్గ సరిగా విప్పదు. నడిచలిలో నాలుగు రోజులు ఎండ కాసినా మోసపోకుండా అదొక కాపలా. మన దగ్గర అంత చలి ఎక్కడిది? ఇక్కడ చెట్లను నిద్రపుచ్చేది చాలావరకు పొడి నేలే.

ఈ సంగతి నాకూ ఆలస్యంగానే తెలిసింది. కాపురానికి వచ్చిన కొత్తలో, పెరట్లో ఉన్న కొత్తపల్లి కొబ్బరి మామిడికి కార్తీకం దాటాక కూడా కాలువ నీళ్లు మళ్లించాను. మా మామగారు చూశారు, ఏమీ అనలేదు. సంక్రాంతికి ఊళ్లో చెట్లన్నీ పూత మీద ఉంటే మా చెట్టు నిండా ఎర్రటి ఇగురాకు! ఆ ఏడు ఆవకాయకు కాయలు కొనుక్కున్నాం. మామిడికి పూతకు ముందు రెండు మూడు నెలలు నీళ్లు ఆపి బెట్ట పెట్టాలి. రాత్రి చల్లదనం, కింద పొడి నేల కలిస్తే పూత; నీళ్లు తగిలితే ఆకు. పిందె బఠాణీ గింజంత అయ్యాకే మళ్లీ తడి.

కంద ఆకు పసుపెక్కి పడిపోయిందని కూడా బెంగపడ్డావు. దుంప ఊరిందని అర్థం. తవ్వి, మట్టి దులిపి, గాలి ఆడే నీడలో విడివిడిగా పరచు. వండుకోగా మిగిలింది నాటడానికి ఉంచు. రెండు మూడు నెలలు అది మొలకెత్తదు. కందకు లేని తొందర కత్తిపీటకెందుకు? వేసవిలో నడినెత్తి మొలక ఉబ్బుతుంది. అప్పుడు ప్రతి ముక్కకూ ఆ మొలకలో కొంత వచ్చేలా కోసి, పేడనీళ్లలో ముంచి, ఆరబెట్టి నాటు.

దేవగన్నేరు కొమ్మ కొసన పచ్చటి మొన కనబడిన రోజున ఒక్క చెంబు పోయి. అప్పటిదాకా దాన్ని చూడబుద్ధయితే చూడు, ముట్టుకోకు. మీ ఆయనకు కూడా చెప్పు. నువ్వు మానేస్తే ఆయన పోస్తాడు.

అమ్మమ్మ