కటౌట్ చూసి టికెట్ కొంటామా?

పెద్ద సినిమా వస్తోందంటే జనం ఎగబడేది ప్రచారం వల్లా, లేక సినిమా బాగుంటుందన్న నమ్మకంతోనా అని అడిగారు. విజయవాడ గవర్నర్‌పేటలో మాకు సెల్‌ఫోన్ షాపు ఉంది. పక్కనే గాంధీనగర్, అంటే డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులూ పాత థియేటర్లూ ఉండే చోటు. మా బాబాయి అక్కడ ఒక ఆఫీసులో చాలాకాలం రిప్రజెంటేటివ్‌గా చేశారు. ప్రింటు బాక్సుతో పాటు థియేటర్‌కి వెళ్లి, ఆట ఆటకీ వసూలు లెక్క చూసుకుని, డీసీఆర్, అంటే ఆ రోజు వసూళ్ల రిపోర్టు, రాయించుకుని రావడం ఆయన పని. అందుకే ఈ గొడవంతా నాకు ఇంట్లో కొంత, షాపులో కొంత తెలుసు.

నా ఉద్దేశంలో ప్రచారం గట్టిగా మార్చేది ఒకటే: సినిమా ఎప్పుడు చూస్తామన్నది. అసలు చూస్తామా లేదా అన్నది అభిమానులను పక్కన పెడితే చాలా ఇళ్లలో టాక్ వచ్చాకే తేలుతుంది.

2025 సంక్రాంతినే తీసుకోండి. అంతకు ముందు డిసెంబర్ 29న మా ఊళ్లో బృందావన్ కాలనీ వజ్ర గ్రౌండ్స్‌లో 'గేమ్ ఛేంజర్' కోసం రామ్ చరణ్ కటౌట్ 256 అడుగులది పెట్టారు. ఊరంతా దాని గురించే మాట్లాడుకుంది. సినిమాకు వెళ్లే ఆలోచన లేనివాళ్లు కూడా పిల్లల్ని బండి మీద ఎక్కించుకుని వెళ్లి ఫొటోలు దిగొచ్చారు. జనవరి 10న అర్ధరాత్రి దాటాక 1 గంట బెనిఫిట్ షోకి 600 రూపాయల టికెట్‌కు ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. మొదటి రోజు సందడికి లోటేమీ లేదు. కానీ సినిమా అనుకున్నంత ఆడలేదు. నాలుగు రోజుల తర్వాత అదే నిర్మాత దిల్ రాజు నుంచి 'సంక్రాంతికి వస్తున్నాం' వచ్చింది. దాని పాటలు అప్పటికే ప్రతి ఫోన్‌లోనూ మోగుతున్నాయి. మా వీధిలో ఆడవాళ్లు, పెద్దవాళ్లు, ఏళ్ల తరబడి థియేటర్ మొహం చూడనివాళ్లు కూడా కదిలారు.

రెండిటికీ ప్రచారం బాగానే చేశారు. తేడా ఎక్కడంటే, రెండో దాని పాటలూ ఇంటర్వ్యూలూ చూస్తే లోపల ఏముందో మా అమ్మకు కూడా తెలిసిపోయింది: పండగకి ఇంటిల్లిపాదీ కూర్చుని నవ్వుకునే సినిమా. టికెట్ కొన్నవాళ్లకు లోపల అదే దొరికింది. కటౌట్ హీరో ఎంత పెద్దవాడో చెబుతుంది. కథ ఎలా ఉంటుందో చెప్పలేదు.

ఇక కుర్రాళ్ల సంగతి వేరు. మా షాపులో పనిచేసే పిల్లలు బెనిఫిట్ షో చూసి, నిద్ర లేకుండానే పొద్దున్నే షట్టర్ తీస్తారు. "ఒక్కరోజు ఆగితే ఏమవుతుందిరా?" అని ఒకసారి అడిగాను. "రేపటికి ఇంటర్వెల్ సీన్ ఇన్‌స్టాలో వచ్చేస్తుంది అన్నా. అందరూ దాని గురించే మాట్లాడుతుంటే నేనేం మాట్లాడాలి?" అన్నాడు ఒకడు. ఆ మాట నేను కొట్టిపారేయలేకపోయాను. వాడు కొనుక్కుంటున్నది స్నేహితుల మధ్య తన చోటు. దానికితోడు మా కృష్ణా, గుంటూరు వైపు హీరో అభిమానంలో ఊరు, కులం, నాన్న ఎవరి అభిమాని అన్నవి కూడా కలిసి ఉంటాయి. వీటిని ప్రచారం కొత్తగా పుట్టించదు. ఉన్నదాన్ని రెచ్చగొడుతుంది.

అయితే ఆ పిల్లాడి జీతంలో 600 రూపాయలు చిన్న మొత్తం కాదు. నాకు బాధ కలిగించేది అదే. 2024 డిసెంబర్ 4 రాత్రి హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర ప్రీమియర్ తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది, ఆమె కొడుకు తీవ్రంగా గాయపడ్డాడు. ఆ వార్త చూశాక చిన్నపిల్లల్ని మొదటి రాత్రి షోకి తీసుకెళ్లొద్దని షాపుకొచ్చే తెలిసినవాళ్లందరికీ చెబుతున్నాను.

మొదటి మూడు రోజుల మీదే ఇంత ఒత్తిడి ఎందుకన్నది బాబాయి చెబితే అర్థమైంది. నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ), కృష్ణా, గుంటూరు అంటూ ఏరియాల వారీగా సినిమా విడుదలకు ముందే అమ్ముడవుతుంది. పెద్ద రేటు పెట్టి కొన్న డిస్ట్రిబ్యూటర్‌కి టాక్ ముదరకముందే వీలైనంత రాబట్టుకోవాలి. అందుకే ఈవెంట్లు, రేట్ల పెంపు, ఎక్స్‌ట్రా షోలు. ఒకప్పుడు రిక్షాకి మైకు కట్టి, కరపత్రాలు పంచి చేసిన ప్రచారమూ ఇందుకే. కాకపోతే అప్పుడు టాక్ పల్లెలకు చేరేసరికి వారం పట్టేది. ఇప్పుడు అమెరికాలో ఉన్న మనవాళ్ల పిల్లలు ప్రీమియర్ చూసి, ఇక్కడ తెల్లారేసరికే వాట్సాప్‌లో చెప్పేస్తున్నారు. డిస్ట్రిబ్యూటర్ చేతిలో ఉండే సమయం అంతకంతకూ తగ్గిపోతోంది.

టాక్ బలం ఎంతో 2024 సంక్రాంతికి చూశాం. 'గుంటూరు కారం' ఈవెంట్ గుంటూరు దగ్గర నంబూరులో జరిగితే జనం విరగబడ్డారు. జనవరి 12న అదీ, 'హనుమాన్' ఒకే రోజు వచ్చాయి. రెండో దానికి మొదట దొరికిన థియేటర్లు తక్కువ. చూసినవాళ్లు బాగుందని చెప్పాక స్క్రీన్లు పెరుగుతూ పోయాయి. మా ఇంట్లో దాన్ని పండగ అయిపోయాక చూశాం. పిల్లలు ఇంటికొచ్చేదాకా దాని గురించే కబుర్లు.

మీరు ఇంటివాళ్లతో వెళ్లాలనుకుంటే, ట్రైలర్‌కి ఎన్ని వ్యూస్ వచ్చాయన్నది పట్టించుకోకండి. పోస్టర్ మీద వేసే కోట్ల లెక్కలు కూడా మీకు పనికిరావు. మొదటి సోమవారం సాయంత్రం ఫస్ట్ షోకి బుక్‌మైషో తెరిచి, మీ ఊళ్లో సీట్లు ఎలా నిండుతున్నాయో చూడండి. సెలవులూ అభిమానుల తాకిడీ అయిపోయాక కూడా నిండుతున్నాయంటే, చూసినవాళ్లు ఇంకొకరికి చెబుతున్నారన్నమాట. బాబాయి కూడా సోమవారం డీసీఆర్ చూశాకే మా పిన్నినీ పిల్లల్నీ బయల్దేరమనేవారు.