పరుగు తగ్గలేదు, గడియారం మారింది

ప్రశ్న: మేం టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మా అబ్బాయికి పదహారేళ్ళు, పదకొండో తరగతి. ఆరడుగుల ఐదంగుళాల పొడుగు, 205 పౌండ్ల బరువు. స్కూలు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో వైడ్ రిసీవర్, అంటే వేగంగా ముందుకు పరిగెత్తి విసిరిన బంతి పట్టేవాడు. మే నెలలో నలభై గజాలు 4.62 సెకన్లలో పరిగెత్తాడు, మావారే ఫోన్‌లో టైమ్ చూశారు. జూన్‌లో ఒక కాలేజీ క్యాంపులో లేజర్‌తో కొలిస్తే 4.83 వచ్చింది. అక్కడి కోచ్ "నువ్వు టైట్ ఎండ్‌కి సరిపోతావ్" అన్నాడట. అప్పట్నుంచి వాడు రాత్రిళ్ళు అన్నం మానేశాడు. మావారు ప్రతి ఆదివారం పార్కుకి తీసుకెళ్ళి పరిగెత్తిస్తున్నారు. తిరిగొచ్చాక ఇద్దరికీ మాటల్లేవు. ఈ ఆట మానిపించి కాలేజీ ప్రవేశ పరీక్ష ఎస్‌ఏటీకి కూర్చోబెట్టమంటారా?

జవాబు: ముందు అన్నం సంగతి చూడండి. టైట్ ఎండ్ అంటే లైను పక్కన నిలబడి ఎదుటివాళ్ళని అడ్డుకోవాలి, బంతీ పట్టాలి. కాలేజీల్లో ఆ స్థానంలో ఆడేవాళ్ళు 240, 250 పౌండ్లుంటారు. ఒళ్ళు చేస్తే అటు నెట్టేస్తారన్న భయంతోనే మీవాడు కడుపు మాడ్చుకుంటున్నాడని నా అనుమానం. ఎదిగే వయసులో, అంత ప్రాక్టీసు చేస్తూ పస్తులుంటే ముందు పోయేది ఆ వేగమే. ఈ వారమే పిల్లల డాక్టరుకి చూపించండి. స్కూల్లో అథ్లెటిక్ ట్రైనర్ ఉంటే ఆయన చెవిన కూడా వేయండి.

ఇక ఆ రెండు అంకెలు. నెల రోజుల్లో వాడు నెమ్మదించాడని మీ ఇంట్లో బెంగ పెట్టుకున్నట్టున్నారు. నాకలా అనిపించడం లేదు. చేత్తో టైమ్ చూసేటప్పుడు, పిల్లాడు కదిలాడని కంటికి తెలిసి వేలు నొక్కేసరికే కొంత పరుగు అయిపోతుంది. చివరి గీత దగ్గరికి వస్తున్నది మాత్రం ముందే కనిపిస్తుంది కాబట్టి అక్కడ వేలు ఆలస్యం కాదు. అందుకే చేతి లెక్క సుమారు 0.2 సెకను తక్కువ చూపిస్తుంది. మీవారి 4.62, లేజర్ 4.83 దాదాపు ఒకే పరుగండీ!

అలాగని 4.83 రిసీవర్‌కి గొప్ప టైమని అబద్ధం చెప్పను. మీ టెక్సాస్‌లోనే గాల్వెస్టన్ కుర్రాడు, పేరున్న రిసీవర్ మైక్ ఎవాన్స్ ఇదే పొడుగు. 2014లో ఎన్‌ఎఫ్‌ఎల్ (ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) వాళ్ళ పరీక్షలో 231 పౌండ్ల బరువుతో 4.53లో పరిగెత్తాడు. అయితే మీవాడికి ఇంకా పదహారే. అంత పొడుగు కాళ్ళు ఊపందుకునేసరికి మొదటి పది గజాలు గడిచిపోతాయి. స్టార్టు మీద పనిచేస్తే కొంత కలిసొస్తుంది. వసంతంలో స్కూలు ట్రాక్ జట్టులో చేరి 200 మీటర్లు పరిగెత్తమనండి. ఎలక్ట్రానిక్ గడియారం పెట్టిన పోటీల్లో వచ్చిన టైమ్‌ని కోచ్‌లు నమ్ముతారు, పార్కులో నాన్న చెప్పినదాన్ని నమ్మరు.

కోచ్ అన్నది తిట్టు కాదని కూడా వాడికి తెలియాలి. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పేరుమోసిన టైట్ ఎండ్ ట్రావిస్ కెల్సీ (టేలర్ స్విఫ్ట్ పుణ్యమా అని మీరూ ఆ పేరు వినే ఉంటారు) స్కూల్లో క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరేవాడు. సిన్సినాటి యూనివర్సిటీలో చేరాకే టైట్ ఎండ్ అయ్యాడు. మీవాడి ఎత్తుకి తగ్గ బరువు నిదానంగా చేరి, ఈ వేగం నిలిస్తే ఆ స్థానానికి అడిగే కాలేజీలు దొరకొచ్చు. ఎటు వెళ్ళాలన్నది ఈ ఏడే తేలక్కర్లేదు.

ఆట మానిపించడం నాకిష్టం లేదు. కాలేజీ ఆటల్లో పై స్థాయి అయిన డివిజన్ వన్‌లో ఆడాలంటే హైస్కూల్లో పదహారు కోర్ సబ్జెక్టులు, వాటిలో కనీసం 2.3 జీపీఏ ఉండాలి, కాబట్టి చదువు ఎలాగూ తప్పదు. ఎస్‌ఏటీ దారి ఎస్‌ఏటీది.

మీవారిని తప్పు పట్టను. ఎంసెట్ ర్యాంకుల మధ్య పెరిగినవాళ్ళం, అంకె కనిపిస్తే చాలు దాని వెంటపడతాం. మీ ఉత్తరం నిండా అంకెలే, పిల్లాడు తన నోటితో అన్న మాట ఒక్కటీ లేదు. వచ్చే ఆదివారం పార్కు వద్దు. తండ్రీకొడుకులు టీవీలో పోయిన సీజన్ ఆటలు పెట్టుకుని చూడనివ్వండి. ఏ బంతి ఎలా పట్టాడో వాడే చెప్పాలి, ఆయన వినాలి. ఫోన్ మాత్రం మీ దగ్గర పెట్టుకోండి.