బియ్యం బస్తాలు దించు, అగ్గిపెట్టెలు ఎక్కించు అల్లుడూ

అల్లుడూ,

నీ మెసేజ్ చూశా. మిర్యాలగూడలో మీ సోపతిగాళ్లంతా మిల్లుల చుట్టూ తిరిగి 25 కిలోల బస్తాలు 40 పోగు చేశారని, డీసీఎం లారీ కూడా మాట్లాడుకున్నారని, తుఫాను నీళ్లు చుట్టుముట్టిన కింది కృష్ణా లంక ఊళ్లకు పడవలో తీసుకెళ్లి పంచుతామని రాశావు. సంతోషమే. మీ అత్తకు చదివి వినిపిస్తే "మా పోరడు పెద్దోడయ్యిండు" అని మురిసిపోయింది. కానీ ఆ 40 బస్తాల మాట దగ్గరే నాకు టెన్షన్ మొదలైంది. ఫోన్ చేస్తే నువ్వు "సరే మామా, సరే మామా" అని పెట్టేస్తావు, అందుకే ఇంత పొడుగు రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

2009 అక్టోబరు 2 నీకు పెద్దగా గుర్తుండదు, చిన్నపిల్లాడివి. తుంగభద్ర, హంద్రి కలిసి పొంగి కర్నూలు మునిగింది, ఇవతలి ఒడ్డున మన అలంపురం, రాజోలి వైపు ఊళ్లు మునిగాయి. శ్రీశైలానికి దాదాపు 25 లక్షల క్యూసెక్కులు వస్తున్నాయని వార్తల్లో చెబుతుంటే మాకు ఆ అంకె ఎక్కలేదు, మా ఇంటి ముందరి వేపచెట్టు సగం వరకు మునిగిందన్నది మాత్రం ఎక్కింది. మరుసటి రోజు మెరకన ఉన్న ఊళ్లో గుడి దగ్గర పొయ్యిలు పెట్టి సాంబారన్నం వండించి, పొట్లాలు కట్టించి, చేపలు పట్టే ఒకాయన పుట్టిలో, అదే గుండ్రటి పడవలో, బయల్దేరాం. ఆయన పుట్టి చుట్టూ ఒకసారి తిరిగి చూసి "సారూ, ఐదు సంచులు దించుర్రి" అన్నాడు. నేను వినలేదు. "జనం ఆకలితో మాడుతుంటే దించమంటవేందయ్యా" అని నలుగురిలో గట్టిగానే అన్నా. బడి పంతులు మాట కదా, ఆయన ఊరుకున్నాడు. నడుమ వడి తగిలిన చోట పుట్టి గిర్రున తిరిగి ఒక పక్కకు ఒరిగింది, నీళ్లు లోపలికొచ్చాయి. ఆయన తెడ్డు నాకిచ్చి, రెండు చేతులతో సంచి మీద సంచి ఎత్తి ఏట్లో వేశాడు. లెక్కపెట్టా, సరిగ్గా ఐదు. నన్ను ఒక్క మాట అనలేదు.

అంతటితో అయిపోలేదు. ఊరి మొదట్లో మిద్దెల మీద ఉన్నవాళ్లు చేతులు చాపుతుంటే దాటిపోలేక ఇచ్చుకుంటూ పోయాం. చివరన ఉన్న మగ్గాల వాళ్ల ఇండ్లకు చేరేసరికి పొద్దు గూకుతోంది, 11 పొట్లాలు మిగిలాయి, ఒకటి విప్పితే అన్నం తీగలు సాగుతోంది. అక్కడొక అవ్వ మిద్దె మీద బియ్యం సంచి పక్కన కూర్చుని ఉంది. ఎవరో ముందే ఇచ్చి పోయినట్టున్నారు. గిన్నె ఉంది, కిందనుంచి పైకి లాక్కున్న విరిగిన మగ్గం కర్రలు ఉన్నాయి, పైన ఎండకు ఆరి కూడా ఉన్నాయి. మా పొట్లం వైపు చూడకుండా "సారూ, అగ్గిపెట్టె ఉందా?" అని అడిగింది. మాలో బీడీ తాగే ఒక్కడి జేబులో ఉంది. తీసి గీస్తే నానిపోయింది.

నీకు నేను చెప్పాలనుకున్నదంతా ఆ ఒక్క పూటలోనే ఉంది.

ముందు బియ్యం సంగతి. మొదటి మూడు నాలుగు రోజులు అక్కడ ఎవరూ వండుకోలేరు, పొయ్యి నీళ్లలో ఉంటుంది, సిలిండరు ఎటో తేలిపోయి ఉంటుంది, కట్టెలు నాని ఉంటాయి. ఆ టన్ను బియ్యం మిల్లులోనే ఉంచమను, నీళ్లు తీసి జనం ఇండ్లు కడుక్కునే రోజున పప్పు, నూనె, ఉప్పు, కారం, అగ్గిపెట్టెలు కలిపి ఇంటింటికీ కిట్టుగా ఇవ్వండి, అప్పటికి పొట్లాలు పంచిన వాళ్లంతా ఇంటిముఖం పట్టి ఉంటారు, అసలు కష్టం అప్పుడే. ఇప్పుడు కావలసింది పొయ్యి లేకుండా తినగలిగేది. చింతపండు బాగా పట్టించి నూనె కాస్త ఎక్కువ వేసిన పులిహోర పొద్దున చేస్తే రాత్రిదాకా ఆగుతుంది. సాంబారన్నం, పెరుగన్నం, కోడిగుడ్డు బిర్యానీ వద్దు. వేడివేడిగా ప్లాస్టిక్ కవర్లో కట్టి మూతి బిగిస్తే పులిహోర కూడా చెమ్మపట్టి పాడవుతుంది, గుడ్డ మీద పరిచి ఆరనిచ్చి కట్టాలి. అటుకులు, పుట్నాలు, బెల్లం, పల్లీలు, బిస్కెట్లు, అరటిపండ్లు తొందరగా చెడవు. మన గద్వాల వైపు చేసే ఎండు జొన్నరొట్టెలు అయితే వారం దాటినా చెడవు, పల్లీల పొడితో నంజుకుంటే ముసలోళ్లు కూడా నీళ్లలో తడుపుకుని తింటారు. లంకల వాళ్లకు జొన్నరొట్టె అలవాటుండదని అంటావేమో, ఆకలైనప్పుడు అలవాటవుతుందిలే. అయినా పులిహోర, రొట్టె రెండూ పెట్టుకో.

తిండికంటే ముందు నీళ్లు. చుట్టూ ఏరు ఉంటుంది, తాగడానికి గుక్కెడు ఉండదు. 20 లీటర్ల క్యాన్లు తీసుకెళ్లకు. ఊగే పడవలో నిలబడి 20 కిలోలు మిద్దె మీదికి అందించి చూడు, నీకే తెలుస్తుంది. లీటరు, రెండు లీటర్ల సీసాలు మంచివి. ఒక బకెట్‌కు మోకు కట్టి ఉంచుకో, మోకు కొస పైకి విసిరితే వాళ్లే లాక్కుంటారు, పడవలో ఎవరూ లేచి నిలబడే పని ఉండదు. క్లోరిన్ బిళ్లలు ఇస్తే, ఒక బిళ్ల ఎన్ని లీటర్లకో అట్ట మీద చదివి నోటితో రెండుసార్లు చెప్పు, మింగే మాత్ర అనుకునేవాళ్లు ఉంటారు. ఓఆర్‌ఎస్ పొట్లాలు కూడా పెట్టుకో. అవి అయిపోతే లీటరు మంచినీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచా అంటే టీ చెంచా.

అగ్గిపెట్టెలు, కొవ్వొత్తులు పిల్లల స్కూలు డబ్బాలాంటి బిగుతు మూత డబ్బాలో పెట్టు. తిండి సంచులు మాత్రం ఎరువుల సంచులు, పురుగుమందుల అట్టపెట్టెలు కాకూడదు, కడిగినా వద్దు. పైన తాటిపత్రి కప్పు.

ఇక పడవ. అది ఎవరిదైతే వాళ్లే అందులో పెద్ద. కలెక్టరు ఎక్కినా అంతే, నువ్వు ఎక్కినా అంతే, నేను ఎక్కినా అంతే అని 2009లోనే తెలుసుకుని ఉండాల్సింది. ఆయన దించమంటే దించు, వెనక్కి పోదామంటే పో. లెక్క కూడా చెబుతా విను. ఆరుగురు కూర్చునే ఫైబర్ బోటంటే సుమారు 400 కిలోలు అనుకో. నువ్వూ, ఇంకొకడూ, నడిపేవాడూ, ఆయన వెంట తాడు పట్టేవాడూ ఎక్కితే 260 అయిపోయింది. మిగిలేది 140. అంటే మీ బియ్యం బస్తాలు ఐదున్నర! అందుకే మీ పదిహేను మందిలో ఇద్దరే పడవెక్కాలి, మిగతావాళ్లు ఒడ్డున పొట్లాలు కట్టాలి, లెక్క రాయాలి, ట్రిప్పు ట్రిప్పుకూ సరుకు అందించాలి. ఒడ్డున ఉండేవాడి ఫొటో ఎవరూ తీయరు కాబట్టి దీనికి మీలో గొడవ వస్తుంది, బయల్దేరకముందే తేల్చుకోండి. పడవెక్కే ఇద్దరికీ లైఫ్ జాకెట్లు ఉండాల్సిందే, ఈతొచ్చు అన్న మాట వినొద్దు, వరదలో ఈదడం చెరువులో ఈదడం కాదు.

సరుకు నడుమన, కింద, మనుషులు చుట్టూ కూర్చుని. పుట్టి దొరికితే మరీ జాగ్రత్త, గుండ్రంగా ఉంటుంది కాబట్టి ఒకడు లేచినా తిరిగిపోతుంది. ఏరు దాటేటప్పుడు ఇంజన్ బోటే మేలు, ఊళ్లోకి, తోటల్లోకి వెళ్లాక మాత్రం గడ వేసే చిన్న పడవే నయం. అరటి తోటల్లో తీగలు, గుర్రపు డెక్క, కంచెలు ఇంజన్ పంకాకు చుట్టుకుంటే నడిమధ్యలో ఆగిపోతారు. దానికంటే భయం కరెంటు తీగలంటే. వరదలో బోటు ఎత్తుకు లేస్తుంది, తీగలు నెత్తికి అందే ఎత్తుకు వస్తాయి, బోరు మోటార్ల వైర్లు, స్టార్టర్ డబ్బాలు నీళ్ల కింద కనబడవు. ఆ ఊరికి కరెంటు వచ్చే లైను, అదే ఫీడరు, బంద్ చేశారా అని అక్కడి లైన్‌మన్‌ను అడగకుండా ఊళ్లోకి బోటు తిప్పొద్దు. ఎవరో పక్కనున్నవాడు "కరెంటు లేదన్నా" అంటే చాలదు, లైన్‌మన్ నోటి నుంచే వినాలి.

పొద్దున బయల్దేరేముందు పైనున్న పులిచింతల డ్యాం నుంచి ఎంత నీరు వదులుతున్నారో, ప్రకాశం బ్యారేజీ దగ్గర ఎన్నో హెచ్చరిక నడుస్తోందో కనుక్కో. పొద్దున మోకాలి లోతున్న చోట మధ్యాహ్నానికి గొంతు దాకా రావచ్చు. 2024 సెప్టెంబరులో ఆ బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చింది, పైనుంచి కొట్టుకొచ్చిన పెద్ద పెద్ద బోట్లు వచ్చి గేట్ల దగ్గర గుద్దుకున్నాయి. ఒడ్డుకు చేరాక బోటు ఎలా కట్టారో నువ్వే వెళ్లి చూడు, ఒక తాడు కాదు, రెండు. సాయంత్రం నాలుగుకల్లా ఇవతలికి వచ్చేయాలి. "ఒక్క ట్రిప్పు మామా" అనే ట్రిప్పే పీకమీదికి తెస్తుంది.

ఆ 2024లోనే ఊరివాళ్లతో కలిసి విజయవాడ వెళ్లా. బుడమేరు నీళ్లు, సింగ్‌నగర్ ఫ్లైఓవర్. డ్రోన్లతో కూడా పొట్లాలు పంపారు, తెచ్చేవాళ్లకు కొదువలేదు. కానీ నేను చూసినంతలో ఫ్లైఓవర్ దగ్గర ఒకే మనిషి చేతిలో నాలుగు పొట్లాలు, లోపలి గల్లీల్లో పాలకోసం ఏడ్చే పిల్లలు. ఎవరి తప్పూ కాదు, ఎదురుగా చాచిన చెయ్యిని దాటి పోవడం మనిషికి చేతకాదు. నేను మగ్గాల వాళ్ల దగ్గర చేసింది అదే కదా. అందుకే ముందే నిర్ణయించుకుని పోవాలి: మొదటి ట్రిప్పు చివరి ఇంటికి. అవనిగడ్డ దగ్గర ఎడ్లంక లాంటి ఊళ్లు నది మధ్యలో ఉంటాయి, అందులోనూ ఆ కొసన నాలుగిండ్లు విడిగా ఉంటాయి, ముందు అక్కడికి పోయి, తిరిగొస్తూ పంచుకుంటూ రా. దారిలో పిలిచేవాళ్లకు "వచ్చేటప్పుడు ఇస్తాం" అని చెప్పు, తిడతారు, పడు. కానీ ఇస్తామన్నాక ఇవ్వాలి, సరుకు అయిపోతే ఒడ్డుకు పోయి తెచ్చైనా ఇవ్వాలి.

చివరి ఇల్లు ఏదో నీకెలా తెలుస్తుంది? సర్పంచ్‌ను అడిగితే తనవాళ్లతో మొదలుపెట్టవచ్చు. నా మాట విని ఆశా వర్కరునో, అంగన్‌వాడీ టీచరునో పట్టుకో. ఏ ఇంట్లో బాలింత ఉంది, ఎవరికి షుగరు బిళ్లలు అయిపోయాయి, మంచం పట్టిన ముసలాయన ఏ మిద్దె మీద ఉన్నాడు, అన్నీ ఆమె నోటికి వస్తాయి. పాలపొడి ఇచ్చేచోట మంచినీళ్లు కూడా ఇవ్వు, ఏటి నీళ్లతో కలిపితే పిల్లాడికి వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. ఆడవాళ్లకు కావలసిన ప్యాడ్లు నల్ల కవర్లో కట్టి ఆ ఆశా వర్కరు చేతికే ఇవ్వండి, మీరు పంచకండి. బర్రెలు ఉన్న ఇల్లయితే రెండు గడ్డి మోపులు తీసుకెళ్లు. గడ్డి లేకే కొంతమంది ఊరు వదలరు, మేం ఇచ్చిన అరటిపండు సగం తాను తిని సగం బర్రెకు పెట్టినాయన్ని చూశా.

తిరుగు ప్రయాణంలో ఖాళీ పడవ చూసి అందరూ ఎక్కుతామంటారు. గర్భిణి, జబ్బు మనిషి, పసిపిల్లల తల్లి, అంతే. 2007 జనవరిలో మన కొల్లాపూర్ దగ్గర మంచాలకట్టలో పడవ మునిగి 60 మంది దాకా పోయారు, వరద కూడా లేని రోజు. మిగతావాళ్ల కోసం 112కు గానీ జిల్లా కంట్రోల్ రూమ్ 1077కు గానీ చెప్పు, ఊరి పేరు, గుర్తు, ఎంతమందో చెప్పు. పాము కరిచిందంటే కోయడాలు, కట్టడాలు పెట్టుకోకుండా కదలనివ్వక పడవెక్కించి ఆస్పత్రికే. మీ సంచుల్లోకి కూడా దూరుతాయి, చెయ్యి పెట్టేముందు కర్రతో తట్టు.

ఫ్లెక్సీ కొట్టిస్తున్నారని మీ అమ్మ చెప్పింది. ఎవరెవరి ఫొటోలు వేస్తున్నారో నాకు అనవసరం గానీ పెద్దదే కొట్టించండి, నాలుగు వైపులా రింగులు వేయించి, తాడుతో సహా. పంచడం అయ్యాక పైకప్పు లేచిపోయిన ఏదో ఒక ఇంటి మీద కప్పి రండి, మీ మొహాలు లోపలి వైపుకు పెట్టి. ఇంటివాళ్లకు పడుకుని చూడడానికైనా పనికొస్తాయి.

మీ అత్త నిన్నటి నుంచి పొయ్యి దగ్గరే ఉంది, పక్కింటి ఇద్దరిని పిలుచుకుని 300 రొట్టెలు కాల్చింది, మిద్దె మీద చాపలేసి ఆరబెట్టాం, కాకుల కావలి నాది. రేపు సాయంత్రానికి కట్టలు కట్టి ఆర్టీసీ కార్గోలో వేస్తా, ఎల్లుండి పొద్దున మిర్యాలగూడ బస్టాండులో దించుకో. పల్లీల పొడి స్టీలు క్యాన్లో ఉంటుంది, క్యాన్ మాత్రం మళ్లీ పంపమంది.

మీ మామ